మూడు చుక్కల తగాదా

మొయినాబాదులో మా అక్క అత్తవారి వీధికి పోతే, ఇప్పటికీ ఒకరిద్దరు ముసలివాళ్లు నన్ను చూసి "హూర్ సావుకారి వచ్చిండు" అంటారు. నేను విననట్టు దాటిపోను. ఆగి, జరిగింది మొదటినుంచి చెబుతాను. వాళ్లు సగంలోనే పని గుర్తొచ్చి లేచిపోతారు. అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను. చదివేవాళ్లు లేచిపోయినా కాగితం అక్కడే ఉంటుంది.

నా మీద ఉన్న నింద ఇది. సినిమా కరపత్రం తప్పుగా చదివి, అప్సరస కథ అని నమ్మించి, మా అవ్వను, కన్నతల్లిని, దొంగల సినిమాకు తీసుకుపోయానట. తీసుకుపోయిన మాట నిజం. అది దొంగల సినిమా అయిన మాటా నిజం. తప్పుగా చదివానన్నది మాత్రం అబద్ధం.

మాది చేవెళ్లలో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. బాపు, అంటే నాన్న, పోయాక అన్న గద్దె మీద కూర్చున్నాడు. నగరానికి పోయి సరుకు తెచ్చే పని నాకు వచ్చింది. పది రోజులకొకసారి పొద్దున్నే బస్సెక్కేవాణ్ని. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు వెనక బొగ్గుల పొయ్యి కట్టుకుని నడిచేవి. ఎత్తు వచ్చినచోట దిగి నడవమనేవాళ్లు. బజారులో సరుకు మాట్లాడి, మూటలు కట్టమని చెప్పాక, సాయంత్రం బస్సు వరకు మూడు గంటలు ఖాళీ. ఆ మూడు గంటలు నేను సరుకు కొనే అడతీ కొట్టులో గోనెల మీద నడుం వాలుస్తాననుకునేవాడు అన్న. నేను మధ్యాహ్నం ఆట చూసేవాణ్ని.

అట్లా చాలా సినిమాలు చూశాను. దేవుళ్ల కథలు నాకు పట్టవు, అవి పురాణంలో విన్నవే. రెండు రకాలే కావాలి: నవ్వించేవి, దొంగలూ ఖూనీలూ ఉన్నవి. రెండింటి మీదా నాకు ఫిర్యాదులున్నాయి. ఖూనీ సినిమాలో చంపినవాడెవడో నేను రెండో రీలుకే చెప్పగలను. మొదటి రీలులో అందరికంటే మర్యాదగా పాన్ అందించేవాడే చంపినవాడు. కుంటివాడు, గడ్డం పెంచినవాడు, చీకట్లో నిలబడి చుట్ట తాగేవాడు అమాయకులు. వాళ్లను మనకోసం నిలబెడతారు. ఇంకొకటి, దొంగను వెతకడానికి చీకటి ఇంట్లోకి పోయిన కథానాయకుడు అక్కడ పాట అందుకుంటాడు. పాట వింటే దొంగ ఉంటాడా? ఒక సినిమాలో చచ్చిపడి ఉన్న మనిషి పొట్ట పైకీ కిందికీ ఆడింది. హాలంతా చూసింది. తీసినవాళ్లకు కనబడలేదు.

నవ్వు సినిమాల్లో జారిపడే మనిషి నాకు నచ్చడు. ఒకసారి పడితే సరే. అరటిపండు తొక్క కనబడగానే ఎవడు పడతాడో ముందే తెలిసిపోతుంది. ఖూనీ సినిమా మధ్యలో నవ్వించడానికి ఒక నౌకరును తెచ్చి పెట్టడం ఇంకా పెద్ద నేరం. పోలీసు తలుపు దగ్గరికి వచ్చాడు, లోపల దొంగ ఉన్నాడు, ఇద్దరి మధ్యా ఈ నౌకరు వచ్చి చెవిటివాడిలా నటిస్తాడు. అప్పటిదాకా పట్టిన భయమంతా పోతుంది. నవ్వూ రాదు.

ఇవన్నీ నేను చెప్పేది అవ్వకు. సాయంత్రం బస్సు దిగి, మూటలు దించాక, అవ్వ చేటలో కందిపప్పు ఏరుతూ కూర్చునేది. నేను పక్కన కూర్చుని ఆ రోజు చూసిన కథ మొదటినుంచి చివరిదాకా చెప్పేవాణ్ని. అవ్వ సినిమా ఎన్నడూ చూడలేదు. కానీ నేను చెప్పిన కథలో చిల్లి ఎక్కడుందో వెంటనే పట్టేది. ఒకసారి, కొడుకు పదేళ్లకు తిరిగివస్తే తల్లి గుర్తుపట్టలేదని చెప్పాను. "గొంతు గుడ గుర్తుపట్టలేదా, గుడ్డిదీపం కాడ గూసున్నదా ఏంది" అన్నది. హాలులో మూడువందల మంది ఆ తల్లితోపాటు ఏడ్చారు, ఒక్కరికీ ఈ ప్రశ్న తోచలేదు. ఇటువంటి మనిషి ఒక్కసారి తన కళ్లతో చూస్తే ఎట్లా ఉంటుందని నాకు పట్టుకుంది. చూడాలని అవ్వకూ ఉండేదనుకుంటాను. అడిగే మనిషి కాదు.

అడ్డం అన్నే. విధవరాలైన పెద్దమనిషిని ఊళ్లకు వచ్చే డేరా సినిమాలో కూర్చోబెడితే బజారు ఏమంటుందని ఆయన బాధ. ఎన్నో రోజులు వెంటపడితే ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. దేవుడి కథో, దేవలోకం కథో అయితేనే. వేరే ఏదైనా అయ్యిందా, ఇక మా ఇంటి ఆడవాళ్లు డేరా గడప తొక్కరు, నేను అవ్వ ముందు సినిమా మాట ఎత్తకూడదు. నేను సరే అన్నాను. ఆ సరేలో నేను ఏం పందెం పెట్టానో అప్పుడు నాకు తెలియలేదు.

ఎండలు ముదరకముందే మొయినాబాదులో డేరా సినిమా వచ్చింది. అక్క ఇల్లు అక్కడే కనుక అవ్వ పోవడానికి సాకు కూడా ఉంది. డేరావాళ్ల బండి డప్పుతో చేవెళ్ల దాకా వచ్చి గులాబిరంగు కరపత్రాలు పంచిపోయింది. అంతా ఉర్దూ. మా కాలంలో బడి చదువు ఉర్దూలోనే సాగింది, తెలుగు ఇంట్లో బాపు దగ్గర నేర్చుకున్నాం. నేను ఉర్దూలో బడికి మొదటివాణ్ని. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, విషయానికి అవసరం.

సినిమా పేరులో మూడు మాటలు. మొదటి రెండింటితో పని లేదు, తగాదా అంతా మూడోదాని మీదే. ఉర్దూలో హ అక్షరానికీ చ అక్షరానికీ ఆకారం ఒకటే. కింద మూడు చుక్కలు పెడితే చ, ఏ చుక్కా లేకపోతే హ. దాని పక్కన ఇంకో రెండక్షరాలు చేరితే, చుక్కలున్నప్పుడు చోర్, చుక్కలు లేనప్పుడు హూర్. చోర్ అంటే దొంగ. హూర్ అంటే స్వర్గంలో ఉండే సుందరి, మన అప్సరస. నా చేతికి వచ్చిన కరపత్రంలో చుక్కలు లేవు. యుద్ధకాలపు పల్చని కాగితం, రాతి అచ్చు, సిరా సరిగా అంటలేదు. పైగా పేరు పక్కన జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ. చుక్కలు లేని అక్షరాన్ని చుక్కలున్నట్టు చదవమని ఏ మౌల్వీ నాకు నేర్పలేదు.

ఇంకో మాట. అన్న కూడా కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం చూశాడు. హూర్ అని పైకి అన్నాడు. అప్పుడు దుకాణంలో ఉప్పు తూకం వేయించుకుంటున్న ఆలూరు ఆసామి ఒకతను విన్నాడు. తర్వాత అన్న, తాను చదవలేదనీ నేను అన్నదే తిరిగి అన్నాననీ చెప్పాడు. ఆలూరు ఆసామిని సాక్ష్యం అడిగితే, తన ధ్యాస తక్కెడ మీద ఉన్నదని తప్పుకున్నాడు. ఇద్దరినీ నేను గుర్తుపెట్టుకున్నాను.

అవ్వను బండిలో తీసుకుపోయాను. బండికి గొంగడి పరిచి, పైన గుడ్డ కట్టించాను. అవ్వ తలంటుకుని, దేవుడికి దీపం పెట్టి బయలుదేరింది, దేవలోకం కథ కదా. దారిలో ఒకసారి, ఆ అప్సరస ఆకాశం నుంచి దిగేటప్పుడు తాళ్లు కనబడతాయా అని అడిగింది. కనబడకుండా తీస్తారని చెప్పాను.

మా బావ, అంటే అక్క భర్త, మొయినాబాదులో బట్టల వ్యాపారి. మాటకారి. ఎదుటివాడిని చిన్నబుచ్చకుండా ఆయనకు అన్నం అరగదు. పొద్దు గూకగానే అందరం డేరాకు పోయాం. ఆడవాళ్లకు ఒక పక్కన తెర కట్టారు. అవ్వ, అక్క తెర అవతల. బావ, నేను ఇవతల బెంచీ మీద. చుట్టూ బావ దుకాణానికి వచ్చేవాళ్లే.

ఆట మొదలైంది. మొదటి బొమ్మే పెద్ద హవేలీ గోడ. దాని మీదికి తాడు పట్టుకుని ఒక మనిషి ఎక్కుతున్నాడు, కళ్లకు నల్లగుడ్డ, కింద ఇంత లావు మీసాలు. డేరాలో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో బావ నిమ్మళంగా, కానీ నాలుగు వరసలకు వినబడేట్టు అడిగాడు.

"బామ్మర్ది, గోడెక్కుతున్నది హూరేనా? మీసాలు మస్తుగున్నయి గద."

ముందు వరస నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారని వెనక వరస అడిగింది. చెప్పారు. వాళ్లూ నవ్వారు. ఆ తర్వాత తెర మీద పోలీసు కనబడ్డా, కుక్క కనబడ్డా, ఎవడో ఒకడు "హూర్ వచ్చె" అనడం. ఆ పేరు నాకు ఆ సాయంత్రమే పడింది. పెట్టింది బావ. సొంత బామ్మర్దికి.

డేరాలో యంత్రం ఒకటే. రీలు అయిపోగానే ఆపి, దీపం వేసి, ఇంకో రీలు ఎక్కించేవాళ్లు. మొదటి దీపం వెలగగానే నేను ఆడవాళ్ల తెర దగ్గరికి పోయి అక్కను పిలిచాను. పొరపాటు జరిగింది, అవ్వను ఇంటికి తీసుకుపోదాం, ఇంకా ఖూనీ కూడా ఉండేట్టుంది అన్నాను. అక్క లోపలికి పోయి వచ్చింది.

"కూసోమంటున్నది. అడ్డం నిలవడకు అంటున్నది."

కూర్చున్నాను. ఆ సినిమా నేను చూసినట్టు కాదు. కళ్లు తెర మీదే ఉన్నా, ఆడవాళ్ల తెర అవతల అవ్వ మొహం ఎట్లా ఉందో, అన్నకు ఏం చెప్పాలో అన్నదే నా ఆలోచన. తర్వాత నగరంలో అదే సినిమా రెండుసార్లు చూశాను. మంచి సినిమా. దొంగలు ఇద్దరు: ఊరంతా నమ్మిన హకీము, అంటే వైద్యుడు, ఒకడు, ఆయన నేరాలు మీదేసుకున్న గోడెక్కే మనిషి ఒకడు. నౌకరు కూడా రెండుసార్లే వస్తాడు. హాలు ముందు బోర్డు మీద ఆ మూడు చుక్కలు ద్రాక్షపండ్లంత ఉన్నాయి. అవే కరపత్రంలో గసగసాలంత అయినా ఉంటే నాకీ బతుకు వచ్చేది కాదు.

మర్నాడు బండి కట్టి బయలుదేరాం. నేను అవ్వను రెండుసార్లు కదిపాను. పొలాలు చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరేసరికి బావ మనిషి ఎవడో బస్సులో ముందే వచ్చి అన్నకు అంతా చెప్పిపోయాడు. అన్న గద్దె దిగి వాకిట్లో నిలబడ్డాడు. తాను అనుకున్నట్టే అయిందనీ, ఇక ఈ ఇంట్లో సినిమా మాట వద్దనీ అంటున్నాడు. అవ్వ కాళ్లు కడుక్కుంటూ ఆయనను ఆపింది.

"సిన్మాది తప్పు లేదు. చదివినోనిది తప్పు" అని లోపలికి పోయింది.

ఆ ఒక్క మాటతో అన్న షరతు కొట్టుకుపోయింది. సినిమా బతికింది. దాన్ని బతికించడానికి నన్ను బలిచ్చారు. అన్న కూడా దారి దొరికినట్టు, ఇకనుంచి కరపత్రాలు బావ చదువుతాడు, ఏది చూడాలో బావ చెబుతాడు అన్నాడు. ఉర్దూలో నాకంటే రెండు తరగతులు తక్కువ చదివిన మనిషి.

ఊరందరూ అన్నా పడేవాణ్ని. అవ్వ అన్నది. అవ్వకు ఆ లిపి రాదు, చుక్కలున్నాయో లేవో తనకు తెలియదు. తెలియని విషయం మీద తీర్పు చెప్పింది. నేను ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను. నేను చదివింది తప్పు కాదని అవ్వ నోటితో అనేదాకా ఇంట్లో ఒక్క కథ చెప్పను.

ఏడాది చెప్పలేదు. నగరానికి పోవడం మానలేదు, సినిమాలు మానలేదు. అవ్వ సాయంత్రం చేట ముందు పెట్టుకుని కూర్చునేది. నేను ఎదురుగా కూర్చుని వీధి చూసేవాణ్ని. ఏం చూశావని ఆమె అడగలేదు. మా ఇంట్లో మొండితనం అవ్వ వైపునుంచే వచ్చింది.

ఆ ఏడాదే, నా ఖర్మ కొద్దీ, నేను చూసినవాటిలో మంచి సినిమాలన్నీ వచ్చాయి. ఒక నవ్వు సినిమాలో ఇద్దరు పెద్దమనుషులు ఖాళీ ఇంట్లో కలుస్తారు. ఇద్దరూ చుట్టాలుగా వచ్చినవాళ్లే. ఎదుటివాడే ఇంటి యజమాని అని ఇద్దరూ అనుకుంటారు. మీరు ముందు కూర్చోండి అంటే మీరు ముందు అని, రెండుపూటలు మర్యాదలు చేసుకుంటూ ఇద్దరూ దాహంతో చావడానికి వస్తారు, వంటిల్లు ఎక్కడో ఇద్దరికీ తెలియదు. ఎవరూ జారిపడరు. ఎవరూ గట్టిగా అరవరు. నేను పైకి నవ్వాను. నాకు నవ్వు రాదని బావ అందరికీ చెబుతుంటాడు. ఆ రోజు నా పక్కన కూర్చున్నవాడిని అడిగితే చెబుతాడు, వాడెవడో నాకు తెలియదు గానీ.

ఇంకొకటి ఖూనీ సినిమా. ఒక ఇంట్లో అయిదుగురు, అందులో ఒకరు ఇంటిపెద్దను చంపారు. పాన్ అందించినవాడి మీద నేను గట్టిగా ఉన్నాను. చంపింది గుడ్డి ముసలమ్మ. ఆమె గుడ్డిది కానే కాదు. అన్నేళ్లలో నేను మొదటిసారి తప్పాను. బస్సులో తిరిగి వస్తుంటే ఆ కథ చెప్పకుండా ఆగలేకపోయాను. పక్క మనిషికి చెప్పడం మొదలుపెట్టాను. ఖూనీ జరిగేసరికి మొయినాబాదు వచ్చింది, అతను మూట భుజానేసుకుని దిగిపోయాడు. చివర ఏమైందని అడగను కూడా అడగలేదు. చేవెళ్లలో దిగి ఇంటికి పోతే అవ్వ పప్పు ఏరుతోంది. నోటి దాకా వచ్చింది. చదివినోనిది తప్పు అన్న మాట అడ్డం వచ్చింది. మంచినీళ్లు తాగి పడుకున్నాను.

సినిమా చూడటంలో సగం, చూసి వచ్చి చెప్పడంలో ఉందని ఆ ఏడాది తెలిసింది. ఎవరికి పడితే వాళ్లకు చెబితే ఆ సగం రాదు. అక్కడెందుకట్లా అని అడిగే మనిషి కావాలి. నాకు ఉన్నది ఒక్కరే. ఆమెతోనే నాకు తగాదా.

మరుసటేడు చలి వెనకబట్టాక డేరా చేవెళ్లకే వచ్చింది, సంత జరిగే మైదానంలో దిగింది. ఈసారి నవ్వు సినిమా. బావ మొయినాబాదునుంచి అక్కతోపాటు పనిగట్టుకుని వచ్చాడు. మా దుకాణం ముందు నిలబడి, కరపత్రం పైకెత్తి, ఒక్కో చుక్క మీద వేలు పెట్టి లెక్కపెడుతూ చదివాడు. నేను లోపల మిరపకాయల బస్తా కుడుతున్నాను. దబ్బనం వేలికి గుచ్చుకుంది. అవ్వను, అక్కను, వదినను వెంటబెట్టుకుని ఆయన పోయాడు. నేను వేరుగా పోయి, వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆ సినిమా గురించి నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. నవ్వడానికి దేశంలో ఇంకెవరూ దొరకనట్టు కిరాణా సావుకారిని పెట్టారు. బాన పొట్ట, పక్కకు జారే పాగా, నౌకరుకు చద్దన్నం కూడా కొలిచి పెట్టేవాడు. ఎవరినీ నమ్మడు. ఇంటి తాళంచెవుల గుత్తి బెల్లం బుట్టలోకి కుక్కి దాస్తాడు. నౌకరు తెలియక బెల్లం బుట్టే అమ్మేస్తాడు. సావుకారి పొట్ట ఎగరేసుకుంటూ బజారంతా పరుగెత్తుతాడు. డేరా దొర్లి నవ్వింది. నాకు ముందు వరసలో ఆలూరు ఆసామి కూర్చున్నాడు. సావుకారి పాగా ఊడినప్పుడల్లా వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్లీ తెర చూసేవాడు. అప్పుడు తూకం మీద ఉన్న ధ్యాస ఇప్పుడు నా మొహం మీద ఉంది. నేను నాలుగుసార్లు లెక్కపెట్టాను.

అయినా నేను లేచి రాలేదు. ఆడవాళ్ల తెర అవతలనుంచి అవ్వ నవ్వు వినబడింది. ఆగి ఆగి, ముక్కులోంచి వచ్చే నవ్వు, నాకు వందమందిలో తెలుస్తుంది. పెళ్లైన నాటినుంచి కిరాణా కొట్టు వెనకే బతికిన మనిషి, కొట్టు సావుకారిని చూసి నవ్వుతోంది. నేను వెంటబెట్టుకుని వచ్చి ఉంటే తిరిగి పోతూ ఎక్కడ నవ్విందో, ఎందుకు నవ్విందో అడిగేవాణ్ని. వెంటబెట్టుకుని వచ్చింది బావ. ఆయన రెండో రీలుకే గురకపెట్టాడని తర్వాత అక్క చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం అన్న అన్నానికి లోపలికి పోయాడు. నేను ఒక్కణ్నే గద్దె మీద ఉన్నాను. లోపలి తలుపునుంచి అవ్వ వచ్చింది. నాతో మాట్లాడకుండా పోయి బెల్లం బుట్ట మీద గోనె తీసి, చెయ్యి మణికట్టు దాకా లోపలికి గుచ్చింది. తీసి నా మొహం ముందు పెట్టింది. వేళ్లకు బెల్లం జిడ్డు, రెండు చీమలు.

"ఇగో చూడు. నిన్నటి సావుకారి చెయ్యి ఎందుకు అంటలేదు?"

నేనూ అది చూశాను. తెర మీద ఆ చెయ్యి కడిగినట్టు బయటికి వచ్చింది. ఇంకొకటి కూడా చూశాను. నేను తక్కెడ అందుకున్నాను. అవ్వే చెప్పుకుపోయింది. బావను అడిగిందట. సినిమా అంటే గంతే అత్తా అన్నాడట. అంతే అంటే ఎట్లా అని మళ్లీ అడిగితే, అప్పటికే పడుకున్నాడట. అక్కను అడిగితే చేతులు చూడలేదన్నది. వదిన ఎంతసేపూ పాటలే చెబుతోంది.

నేను తక్కెడ గొలుసు సరిచేస్తూ, నాకు చదువు రాదు కదా, చదువు వచ్చినవాళ్లనే అడగమన్నాను.

అవ్వ పక్కనే ఉన్న గోనెకు చెయ్యి తుడుచుకుంది.

"నువ్వు సక్కగ చదివితె నేను వోకపోదును గదరా. దొంగ సిన్మా అంటె మీ అన్న గడప దాటనిచ్చునా? నా జన్మల సిన్మా చూడకపోదును. చుక్కలు లేకపోవుడే మంచిదాయె."

నేను గొలుసు వదిలేశాను.

"ఏమన్నవ్?"

"ఏమన్న?"

"చుక్కలు లేవన్నవ్."

"లేవు గావట్టే గద నువ్వట్ల చదివింది. ఉన్నయంటె చదువకపోదువా."

అదే మాట. ఏడాదిగా నేను మొయినాబాదులో, చేవెళ్లలో, బస్సులో, బజారులో చెబుతూ వచ్చిన మాట అదే. అవ్వ దాన్ని బెల్లం ధర చెప్పినంత తేలిగ్గా చెప్పింది. వినడానికి ఒక్కరూ లేరు. అన్న లోపల అన్నం తింటున్నాడు. ఈ మాట అన్న ముందు, బావ ముందు ఇంకొకసారి చెప్పమని అడిగాను. అవ్వ విసుక్కున్నది.

"వాల్లకెందుకు చెప్పాలె? చూసింది నేను. నీకు తెల్వదా, నాకు తెల్వదా? చెయ్యెందుకు అంటలేదో అది చెప్పు ముందుగాల."

నేను ఇంకా కొంచెం బిగిసి ఉండవలసింది. అన్నను పిలిచి సాక్ష్యం పెట్టించవలసింది. ఈ రోజు దాకా ఆ మాట నేనంటే ఎవరూ నమ్మరు, అవ్వ అట్లా అనలేదనే బావ వాదిస్తాడు. కానీ నా నోరు అప్పటికే తెరుచుకుంది. ఆ బెల్లం బెల్లం కాదని, రంగు వేసిన రంపపు పొట్టు అయి ఉంటుందని చెప్పాను. నేను చూసిన రెండోది కూడా చెప్పాను. బుట్ట అమ్ముడుపోయాక తాళంచెవులు ఎవరూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు, చివరి రీలులో అవి సావుకారి మొలకే వేలాడుతున్నాయి. అవ్వ చప్పట్లు కొట్టినంత పని చేసింది. తానూ చూసిందట, మొల దగ్గర గలగలమన్నదట, ఎవరికి చెప్పినా వినలేదట.

సావుకారిని చూసి ఎందుకు నవ్వావని అడిగాను. అది మనసులో ఉంది కదా. బాపు కూడా అట్లాగే దేన్నో ఒకదాన్ని దాచి, దాచిన చోటు మరిచి ఇల్లంతా తిరిగేవాడని చెప్పింది. ఆ చెప్పేటప్పుడు మళ్లీ అదే ముక్కు నవ్వు వచ్చింది. నాకు ఇంక కోపగించుకోవడానికి ఏమీ దొరకలేదు.

ఆ సాయంత్రమే ఏడాది బాకీ మొదలుపెట్టాను. మర్యాదల పెద్దమనుషుల కథ చెబితే, అసలు యజమాని పెళ్లాం ఎటు పోయింది, నీళ్లకుండ వాకిట్లో పెట్టని ఇల్లు ఏమిల్లు అన్నది. తర్వాత ఖూనీ సినిమా ఎత్తుకున్నాను. అయిదుగురినీ వరసగా చెప్పి, ఇంటిపెద్ద కిందపడ్డాడు అనగానే అవ్వ చేట కింద పెట్టింది.

"ఎవలు చంపిన్రో ముందుగాల చెప్పు. ఆనక నిమ్మళంగ ఇంట."

ఖూనీ సినిమాలో చంపినవాడి పేరు ముందే చెప్పేవాణ్ని డేరాలోంచి వెళ్లగొట్టాలని నా అభిప్రాయం. అయినా చెప్పాను. గుడ్డి ముసలమ్మ అన్నాను, గుడ్డిది కాదు, ఎవరూ కనిపెట్టలేదు, నేను కూడా. అవ్వ నన్ను మళ్లీ మొదటినుంచి చెప్పమన్నది. చెప్పాను. ముసలమ్మ గది దగ్గరికి వచ్చేసరికి ఆపింది. నౌకరు ఆ గదిలోకి పోయినప్పుడు ఆమె ఏం చేస్తోంది అని అడిగింది. జపమాల తిప్పుకుంటోంది అన్నాను. వెలుగెక్కడిది అన్నది. దీపం ఉన్నది, గూట్లో, అన్నాను.

"గుడ్డిదానికి దీపమెందుకురా మరి?"

పది రోజులకు నగరానికి పోయినప్పుడు ఆ సినిమా ఇంకా ఆడుతోంది. పోయి చూశాను. రెండో రీలులో, గూట్లో, దీపం ఉన్నది. నౌకరు రాకముందు ముసలమ్మ లేచి వత్తి ఎగదోస్తుంది కూడా. హాలులో ఎవరూ పట్టించుకోలేదు, నేను మాత్రం దాన్ని తప్ప వేరే చూడలేదు. వచ్చి అవ్వకు చెప్పాను, దీపం ఉన్న మాట నిజమే, కానీ అది మూలకు ఉన్నది, చిన్నది, రెండు క్షణాలే కనబడుతుంది అని. ఆ మాట కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను.

అవ్వ అంతా విని, ఆ సినిమా డేరాకు ఎప్పుడొస్తుందో కనుక్కోమన్నది. వచ్చినప్పుడు బండి నన్నే కట్టించమన్నది. కరపత్రం మాత్రం బావకు పంపవద్దన్నది.